ఖాతాదారు మౌనం – బ్యాంకు ధర్మం

మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి. బ్యాంకు లెక్కల్లో మౌనానికి అర్థం వేరు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, రెండేళ్లకు పైగా ఖాతాదారు ప్రమేయంతో ఏ లావాదేవీ జరగని పొదుపు ఖాతా నిష్క్రియ ఖాతా అవుతుంది. పదేళ్లు గడిచినా అడిగేవారు లేకపోతే అందులోని సొమ్ము, 2014లో ఏర్పడిన డిపాజిటర్ల అవగాహన నిధికి చేరుతుంది. అప్పుడు కూడా హక్కు పోదు. కోరినవారికి సొమ్ము తిరిగి వస్తుంది. కాని కోరవచ్చునని తెలియాలి కదా!

నేటి డిజిటల్ బ్యాంకింగ్‌లో అంతకాలం వేచి ఉండనక్కరలేదు. సెల్‌ఫోను లావాదేవీల మధ్య ఎడం పెరగడం, మొత్తాలు తగ్గడం, రహస్య సంఖ్య పదేపదే తప్పడం వంటి గుర్తులను బట్టి, ఎవరు దూరం కానున్నారో కంప్యూటరు ముందే అంచనా కట్టగలదు. ఈ అంచనా ఎవరి మేలు కోసం అన్నదే ధర్మసందేహం.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని తలచుకుంటే ఈ సందేహం స్పష్టమవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి కొలువుల కోసం ఆంధ్ర ప్రాంతం విడిచి వెళ్లిన తెలుగువారు అక్కడ తరతరాలుగా స్థిరపడ్డారు. అటువంటి ఒక ఇంట కుటుంబ పింఛను పొందే వృద్ధురాలు ఉన్నదనుకుందాం. ఫోనులో బ్యాంకు పనులు చూసే మనుమడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాడు. ఆమె నెలకొకసారి శాఖకు వెళ్లి నగదు తెచ్చుకుంటున్నది. యంత్రం దృష్టిలో ఆమె చేజారుతున్న ఖాతాదారు. అయితే ఆమె మౌనానికి కారణమేమిటి? సందేశాలు తనకు రాని భాషలో ఉండడం కావచ్చు. మోసగాళ్ల భయం కావచ్చు. కౌంటరు వద్ద మనిషితో మాట్లాడి సొమ్ము తీసుకోవడమే ఆమెకు ఇష్టం కావచ్చు. మొదటిది తీర్చవలసిన లోటు. రెండవది మన్నించవలసిన జాగ్రత్త. మూడవది ఆమె స్వేచ్ఛ. లెక్కలో మాత్రం మూడూ ఒకే అంకె.

బ్యాంకు వ్యాపార సంస్థ. ఖాతాదారును నిలుపుకోవాలనుకోవడం తప్పు కాదు. పైగా అలికిడి లేని ఖాతాలపైనే మోసగాళ్ల కన్ను పడుతుంది. అనేక బ్యాంకుల్లో మరుగునపడిన డిపాజిట్లను ఒకేచోట వెదకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గమ్’ సదుపాయాన్ని ప్రారంభించింది. పోగొట్టుకున్నాక వెదకడం కన్న పోకుండా చూడడం మేలు గనుక ముందస్తు అంచనా విలువైనదే. కాని నాడి చూసినవాడికి మందు ఇచ్చే బాధ్యత కూడా ఉంటుంది. బహుమతుల ఎర చూపి వృద్ధురాలి చేత ఫోను మీటలు నొక్కిస్తే అంకె మారుతుంది, ఆమె ఇబ్బంది మారదు. 2020లో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార గుర్తింపు ఇవ్వ నిశ్చయించింది. ఆ స్ఫూర్తితో ఆమెకు తెలుగులో ఒక సందేశం పంపడం, తెలుగు తెలిసిన ఉద్యోగి చేత ఒకసారి పలకరింపజేయడం ఏ బహుమతికన్న ఎక్కువ ఉపకారం.

నిష్క్రియ ఖాతాను పునరుద్ధరించడానికి రుసుము తీసుకోరాదని, అందులో కనీస నిల్వ లేదని జరిమానా వేయరాదని 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. అంటే మౌనం నేరం కాదని చట్టమే అంగీకరించినట్లయింది. ఇక బ్యాంకులు వేయవలసిన అడుగు మరొకటి ఉన్నది: ఎందరు ఖాతాదారులు తిరిగి వచ్చారన్న లెక్క పక్కనే, ఎందరిని కారణం అడిగి తెలుసుకున్నారన్న లెక్క కూడా రాసుకోవడం.