తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?



ఆదివారం దివ్యబలిపూజ ముగిసింది. డెబ్బయి దాటిన తాతగారు మోపెడ్ స్టాండు తీసి, వెనుక మనుమరాలిని ఎక్కించుకున్నారు. చుండూరు నుండి తెనాలికో, పొన్నూరుకో ఇలా బయలుదేరే పెద్దలను మనం ఎరుగుదుము. "నలభై ఏళ్ళుగా నడుపుతున్నాను, నాకేమవుతుంది?" అంటారు. అనుభవం నిజమే. కాని కంటికి కూడా వయసు వచ్చింది కదా!

అరవై ఏళ్ళ కంటి లోపలి పొరకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో సుమారు మూడోవంతే. శుక్లం ఉంటే ఎదుటి లారీ లైటుకు కొన్ని క్షణాలు దారే కనబడదు. మెడ పూర్తిగా తిరగదు. నిద్రమాత్ర, జలుబుమాత్ర మగత తెస్తాయి. షుగరు మందు వేసుకొని భోజనం ఆలస్యం చేస్తే కళ్ళు తిరగవచ్చు. పైగా మన డెల్టా రోడ్డు: ఒకపక్క కాలువ, మరొకపక్క ఆరబోసిన ధాన్యం, చీకట్లో వెనుక లైటు లేని ట్రాక్టరు.

55 ఏళ్ళు దాటినవారి లైసెన్సు ఐదేళ్ళే చెల్లుతుంది. కాని చూపు ఆ గడువు వరకు ఆగుతుందా?

2007లో వాటికన్ రహదారి ప్రేషిత సేవపై ఒక పత్రం వెలువరించి, వాహనచోదకులకు పది ఆజ్ఞలు ఇచ్చింది. నడపగల స్థితిలో లేనివారిని, యువకులైనా పెద్దలైనా, ప్రేమతో ఒప్పించి ఆపమన్నది అందులో ఒకటి. 'ప్రేమతో' అన్న మాట గమనించండి. తండ్రిని నలుగురిలో కసరి తాళంచెవి లాక్కుంటే నాలుగవ ఆజ్ఞ మీరినట్లే. తండ్రి మనసు నొచ్చుకుంటుందని ఊరుకుంటే, దారినపోయే బిడ్డ ప్రాణం విషయంలో ఐదవ ఆజ్ఞ మనలను ప్రశ్నిస్తుంది.

పెద్దలారా, యోహాను సువార్త 21వ అధ్యాయం చదవండి. వయసులో తన ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళిన పేతురుగారు, ముసలితనంలో చేతులు చాపగా వేరొకరు తీసుకొనిపోతారని ప్రభువు చెప్పారు. అది ఆయన వేదసాక్షి మరణాన్ని గూర్చిన మాట. అయినా చేయి చాపడం అవమానం కాదని మనకూ నేర్పుతుంది.

కుమారులారా, కుమార్తెలారా, తాళంచెవి అడిగే ముందు మీ బండిపై చోటు ఇవ్వండి. పూజకు, ఆసుపత్రికి, పింఛనుకు, పొలానికి ఎవరు తీసుకువెళ్తారో ముందే చెప్పండి. లేకుంటే మీరు తీసుకున్నది తాళంచెవి కాదు, వారి లోకమే. ఇంట్లో పిల్లలు లేని పెద్దలకు విచారణ యువత ఆ చోటు ఇవ్వాలి.

ఈ వారమే అమ్మానాన్నలకు కంటి పరీక్ష చేయించండి. ఏ మందు మగత తెస్తుందో డాక్టరుగారిని అడగండి. పొద్దు వాలాక బండి తీయనివ్వకండి. పగలు తీసినా తలపై హెల్మెట్ ఉండాలి.

మన పెద్దలను క్షేమంగా ఇల్లు చేర్చమని ప్రభువును వేడుకొందాము. ఆ చేర్చే చేతులు మనవే కావాలని కూడా వేడుకొందాము. ఆమెన్.