నకులుణ్ణే ఎందుకు?

2020 డిసెంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్య కేంద్రం తొలి విడతగా 5,000 కోవిడ్ టీకాలు వెయ్యడానికి సిద్ధపడింది. ఎవరికి ముందు అన్నది ఒక అల్గారిథమ్ తేల్చింది. రాత్రింబవళ్లు రోగుల పక్కనే ఉండే రెసిడెంట్ డాక్టర్లు అక్కడ 1,300 మందికి పైనే. జాబితాలో చోటు దక్కింది ఏడుగురికి. రోగుల మధ్యకు వెళ్లే పని లేని పెద్దలు కొందరు వాళ్లకంటే ముందు వరసలో ఉన్నారు. కుట్ర ఏమీ జరగలేదు. వయసుకిన్ని మార్కులు, పనిచేసే విభాగానికిన్ని మార్కులు అని సూత్రం రాశారు. రెసిడెంట్లు చిన్న వయసువాళ్లు, పైగా వార్డులు మారుతూ తిరిగేవాళ్లు. ఫలానా విభాగమని వాళ్లకు ఒకటి లేదు. ప్లకార్డులు పట్టుకుని ఆసుపత్రిలోనే నిరసనకు దిగితే, తప్పు అల్గారిథమ్‌లో జరిగిందని జవాబు వచ్చింది. ఆ తర్వాత యాజమాన్యం క్షమాపణ చెప్పి వరస మార్చింది.

తప్పును యంత్రం మీదికి నెట్టవచ్చా?

మహాభారతం అరణ్యపర్వంలో ఇలాంటి ఎంపిక ఒకటుంది. మడుగు గట్టున ధర్మరాజు తమ్ముళ్లు నలుగురూ ప్రాణాలు లేకుండా పడి ఉన్నారు. తన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన ధర్మరాజుతో యక్షుడు, ఒక్కణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకొమ్మన్నాడు. ధర్మరాజు నకులుణ్ణి అడిగాడు. భీముడో అర్జునుడో లేస్తే పోయిన రాజ్యం మళ్లీ దక్కే దారి ఉంటుందన్న లెక్క ఆయనకు తెలియనిది కాదు. నకులుణ్ణే ఎందుకని యక్షుడు నిలదీశాడు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి అన్నాడు ధర్మరాజు.

ఏ కొలతతో ఎంచాలో అక్కడ ఒక మనిషి నిర్ణయించుకున్నాడు. అడిగితే తన నోటితోనే కారణం చెప్పాడు. బలమే కొలత అంటే కంప్యూటరు క్షణంలో అర్జునుడి పేరు ఇస్తుంది. తల్లులిద్దరూ సమానమంటే అంతే వేగంగా నకులుడి పేరు ఇస్తుంది. రెండింటిలో ఏది ధర్మమో కంప్యూటరుకు ఎవరో ముందే చెప్పి ఉండాలి. చెప్పినవాళ్లు సూత్రం చాటున కనబడకుండా పోవడమే మహమ్మారి కాలంలో మన ముందుకొచ్చిన ప్రమాదం.

సాంకేతికతను తక్కువ చేసే మాట కాదిది. ఎక్కువ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన దేశంలో ఈవిన్ వ్యవస్థ ఫ్రిజ్‌లలో సెన్సర్లు పెట్టి, వేడి హద్దు దాటగానే సిబ్బంది ఫోనుకు కబురు పంపుతుంది. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందులూ టీకాలూ డ్రోన్లతో చేర్చే ప్రయోగం మొదలైంది. మరుసటి నెలలో మణిపూర్‌లోని లోక్‌టాక్ సరస్సులో ఉన్న కరాంగ్ దీవికి, రోడ్డు మీద 26 కిలోమీటర్ల దూరానికి, డ్రోన్ పావుగంటలో టీకాలు మోసుకెళ్లింది. దూరాన్ని జయించడంలో ఇవి మనిషికి గొప్ప అండ.

వరస నిర్ణయించడం వేరే సంగతి. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవాళ్లకు ప్రభుత్వ నమోదు పోర్టల్ కోవిన్‌లో స్లాటు దొరికితేనే టీకా అన్నారు. అప్పటికి అది ఇంగ్లీషులోనే ఉంది. స్లాట్లు తెరిచిన క్షణాల్లో అయిపోయేవి. ఖాళీలు కనిపెట్టే ప్రోగ్రాములు రాసుకున్నవాళ్లకు దొరికాయి. నగరాల నుంచి పల్లెలకు వెళ్లి వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఫోను లేని కూలీకి తన ఊరి కేంద్రంలోనే చోటు లేకపోయింది. కోవిన్ ఎవరి కులమూ అడగలేదు, సిఫారసు వినలేదు, అంతవరకూ మెచ్చుకోవాలి. కానీ స్మార్ట్‌ఫోనే అర్హత అయి కూర్చుంది. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు వీలిచ్చారు. మే 31న సుప్రీంకోర్టు డిజిటల్ అంతరాన్ని ఎత్తిచూపి, టీకా విధానం వెనకున్న ఆలోచన తెలిసేలా పత్రాలూ ఫైల్ నోటింగులూ తన ముందు పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. యక్షుడు అడిగినట్టే ఒకరు అడగాల్సి వచ్చింది.

ఏ కొలతతో ఎంచాలన్న ఇదే ప్రశ్న కిందిస్థాయిలో మరింత పదునుగా ఎదురవుతుంది. కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు ఉండేవి. మూత తెరిస్తే 4 గంటల్లో వాడెయ్యాల్సి వచ్చేది. ఒక రోజు ఆరుగురే వచ్చారనుకుందాం. తెరిస్తే నాలుగు డోసులు పారబొయ్యాల్సి రావచ్చు. తెరవకపోతే కూలి మానుకుని వచ్చిన ఆరుగురూ తిరిగి వెళ్లాలి. వాళ్లలో ముసలమ్మ రేపు మళ్లీ నడిచి రాగలదో లేదో టీకా వేసే నర్సు ఏఎన్ఎంకే తెలుసు. వృథా అయిన డోసుకు లెక్క ఉంటుంది. టీకా లేకుండా వెనుదిరిగిన మనిషి ఏ లెక్కలోకీ రాడు.

కోవిన్ నమూనాలో తయారైన యూ-విన్‌లో ఇప్పుడు గర్భిణుల, పసిపిల్లల టీకాలు నమోదవుతున్నాయి. రేపు మరో మహమ్మారి వస్తే పంపకం ఇలాంటి వేదికల మీదే సాగుతుంది. కొరత వచ్చినప్పుడు ఎవరికి ముందన్న నియమాన్ని ఇప్పుడే అందరికీ అర్థమయ్యే తెలుగులో రాసి, మన ప్రతి ఆరోగ్య ఉపకేంద్రం గోడ మీద పెట్టాలి. ఆ నియమం పెట్టిన అధికారి పేరు కింద ఉండాలి. ఎదుటి మనిషి అవసరం చూసి ఆ నియమాన్ని పక్కన పెట్టే హక్కు ఏఎన్ఎంకు ఇవ్వాలి. ఎందుకు పక్కన పెట్టిందో ఆమె ఒక్క వాక్యంలో రిజిస్టర్లో రాస్తే చాలు.