ప్లస్ ఆర్ మైనస్ ఎంత?

బాలానగర్‌లో మా మేనమామకు చిన్న టూల్‌రూమ్ ఉంది. రెండు లేతులు, ఒక మిల్లింగ్ మిషను, మూలన గుడ్డ కప్పిన సర్ఫేస్ ప్లేటు. హెచ్‌ఏఎల్ చుట్టూ, 1968లో మొదలైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ చుట్టూ మొలిచిన షెడ్లలో ఇదొకటి. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. రాత్రిళ్లు కూర్చుని, కిట్టుల్లో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధకాలపు ట్యాంకుల నమూనాలు కడతాను. శనివారం షెడ్డు మూసే వేళకు ఒకటి పట్టుకెళ్లి మామ ముందు పెట్టడం అలవాటు. ఆయన పొగడడు, తిట్టడు. వెర్నియర్ తీస్తాడు.

ఆ శనివారం తీసుకెళ్లింది షెర్మన్ ట్యాంకు. అసలుదానిలో ముప్పై అయిదో వంతు. మామ దాన్ని వెర్నియర్ దవడల మధ్య మెల్లగా బిగించి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు.

"డెబ్బై నాలుగు పాయింట్ నాలుగు. ఎంత రావాల్నో తెలుసా నీకు?"

"అసలు బండి వెడల్పు 2.62 మీటర్లు మామా. డెబ్బై అయిదుకు కొంచెం తక్కువ రావాలి."

"అంటే అర మిల్లీ దాకా తక్కువున్నది. పెద్ద బండి మీద పదహారు మిల్లీలు. మా దగ్గరైతే ఆ జాబ్ స్క్రాపే."

"ఆ తప్పు కిట్టుది. నేను చేసిన అసలు తప్పు వేరే ఉంది" అని చెప్పాను.

ఈ ట్యాంకును దక్కన్ హార్స్ దళానిదిగా కట్టాలనుకున్నాను. దక్కన్ హార్స్ మనకు దూరపు పేరు కాదు. బాలానగర్ నుంచి కాసేపట్లో చేరుకునే బొల్లారంలోనే ఒకప్పుడు హైదరాబాద్ కంటింజెంట్ కేంద్రం ఉండేది. ఆ కంటింజెంట్ గుర్రపు దళాల వారసులు వీళ్లు. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో, సోమ్ యుద్ధంలో, హై వుడ్ దగ్గర ఈటెలు పట్టుకుని గుర్రాల మీద శత్రువుపైకి దూసుకెళ్లారు. 1945లో బర్మాలో మెయిక్‌టిలాకు వచ్చేసరికి గుర్రాల స్థానంలో షెర్మన్లు ఉన్నాయి. షెర్మన్ అనేది ఒక్క బండి కాదు. ఒకదాని ఒళ్లు పోతపోసింది, ఇంకొకదానిది పలకలు అతికింది, ఒకదానికి డీజిల్ ఇంజను. బర్మాలో వీళ్లు తోలింది ఎం4ఎ4 రకం. దానికి ఒకే ఇంజను లేక, ఆరేసి సిలిండర్ల కారు ఇంజన్లు అయిదు కలిపి ముప్పై సిలిండర్ల గుత్తి చేశారు. ఆ గుత్తి పట్టడానికి ఒళ్లు పొడుగు చేశారు. ఒళ్లు పెరిగింది కాబట్టి కింద చక్రాలు పట్టే బోగీల మధ్య ఎడం పెరిగింది, చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పెరిగింది. మిగతా షెర్మన్లకు ఒక్కో పక్క 79 లింకులైతే దీనికి 83. నేను కట్టిందానికి 79 ఉన్నాయి.

"ఫొటోల లెక్కవెట్టినవా?"

"లింకులన్నీ ఫొటోలో కనబడవు మామా. సగం బురదలో ఉంటాయి. బోగీల మధ్య సందు కనబడుతుంది. సందు పెద్దగుంటే ఒళ్లు పొడుగు, ఒళ్లు పొడుగైతే వెనక ఆ ఇంజనే."

"పొగ చూసి నిప్పు చెప్పినట్టు."

ఆయన మామూలుగా అన్నాడు గానీ, మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమాన ప్రమాణానికి ఇచ్చిన ఉదాహరణ ఇదే. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం: తెలుసుకోవడానికి నాలుగు దారులు చెప్పాడాయన. నాకు ప్రత్యక్షం లేదు. ఆ ట్యాంకు ఇప్పుడు ఎక్కడా లేదు. ఇదే మామతో అంటే, మ్యూజియంలో చూడొచ్చు కదా అన్నాడు.

"అహ్మద్‌నగర్‌లో ట్యాంకుల మ్యూజియం ఉంది. బయట ఎండకూ వానకూ నిలబడే బండికి తుప్పు పట్టకుండా రంగు వేయాలి కదా. ఆ రంగు ఇనుముకు రక్ష. 1945లో ఏ రంగుందో అది చెప్పదు. కొలతలకు మ్యూజియం బండిని నమ్మొచ్చు. రంగుకు నమ్మకూడదు."

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడకు అంటించిన ఒక డ్రాయింగ్ దగ్గరికి తీసుకెళ్లి కింది మూల చూపించాడు. డ్రాయింగ్ మీద స్కేలు పెట్టి కొలవొద్దని రాసి ఉంది.

"ఎందుకు రాస్తరో ఎరికేనా? కాగితం సాగుతది, జిరాక్సుల పొట్టిగైతది. రాసిన అంకెనే నమ్మాలె. అంకె లేకపోతే ఫోన్ చేసి అడగాలె. మనసుల అనుకొని చేసినోడు ఈ ఏరియాల బతికి బట్టకట్టలేదు. ఇంకోటి చూడు. ప్రతి అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఉన్నది. అది లేని కొలత కొలతే కాదు. నీ బండి మీద దేనికి ఎంతుందో చెప్పు."

నేను ఇన్నేళ్లుగా 'కరెక్టు', 'తప్పు' అనే రెండే మాటలతో పని చేస్తున్నాను. నమూనాలు కట్టేవాళ్లలో ఎక్కువమందిమి అంతే. ఒక బోల్టు తలకాయ కోసం రాత్రంతా వెతికి, రంగు దగ్గరికి వచ్చేసరికి సీసా మీద ఆలివ్ డ్రాబ్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని పూసేస్తాం. బోల్టు విషయంలో నాకున్న నమ్మకమూ, రంగు విషయంలో ఉన్న నమ్మకమూ ఒకటి కావు. కానీ బొమ్మ పూర్తయ్యాక రెండూ ఒకే ధైర్యంతో నిలబడతాయి. చూసేవాడికి ఏది తెలిసి చేశానో, ఏది ఊహించి చేశానో తెలియదు. అబద్ధం ఎక్కడన్నా ఉంటే అక్కడుంది.

సంచిలోంచి రెండో బొమ్మ తీశాను. ఇంకా రంగు పడలేదు. స్టాగ్‌హౌండ్ సాయుధ కారు. అమెరికాలో తయారై బ్రిటిష్ సేనలకు వెళ్లిన బండి. నాలుగు పెద్ద చక్రాలు, రెండు ఇంజన్లు, 37 మిల్లీమీటర్ల తుపాకి, లోపల అయిదుగురు. ఇవి నిజాం సైన్యంలోనూ ఉండేవి. 1948 సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చినప్పుడు, విజయవాడ దారిలో అడ్డం నిలిచింది 2వ, 4వ హైదరాబాద్ లాన్సర్లు, హంబర్ సాయుధ కార్లతో, ఈ స్టాగ్‌హౌండ్లతో. వచ్చిన దళంలో గూర్ఖాలతోపాటు పూనా హార్స్ ట్యాంకుల స్క్వాడ్రన్ ఒకటి ఉంది. కోదాడ, మునగాల, సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం సేన మూసీ వంతెన పేల్చేసింది. 17కి అంతా అయిపోయింది.

సూర్యాపేట పేరు వినగానే మామ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అమ్మమ్మది ఆ పక్క పల్లె. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు.

"అమ్మ చెప్తుండె. ఎర్ర ఏనుగులు పోయినయని. సడకంత నాగలేసి దున్నినట్టయిందని. ఉట్టి మీద కుండలు ఊగినయట."

"ఎర్ర రంగు ట్యాంకులు ఏ సైన్యానికీ లేవు మామా."

"నీ సీసాల ఉండదు. సెప్టెంబర్ల మా చెల్కల నడిచి చూడు, నీ తెల్ల కారు ఏ రంగైతదో."

తొమ్మిదేళ్ల పిల్ల రంగు తప్పు చెప్పలేదు. ఆ దారిన, ఆ వానల్లో, ఆ బండి ఎర్రగానే ఉంది. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున్న రంగును నేను నిజం అనుకున్నాను. ఆమె చూసిన రోజు నాకు లెక్కలో లేదు. కానీ నన్ను ఎక్కువగా పట్టుకుంది ఆ నాగలి మాట. రబ్బరు టైరు రోడ్డును దున్నదు. దున్నేది గొలుసు. అంటే ఆమె ముందు నుంచి పోయినవి లాన్సర్ల కార్లు కావు, విజయవాడ వైపు నుంచి వచ్చిన ట్యాంకులు. ట్యాంకు పేరు తెలియని మనిషి, రైతు బిడ్డ గనక నాగలితో పోల్చి, ఏ బండో సాక్ష్యం చెప్పి పోయింది. ఆమె ఉన్నప్పుడు నేనొక్క ప్రశ్న అడగలేదు.

"దీన్నేమో పోలీస్ యాక్షన్ అన్నరు" అన్నాడు మామ. "మనోళ్లు ఇప్పటికీ గట్లనే అంటరు. సడకు దున్నుకుంట వచ్చేది పోలీసులా?"

"హైదరాబాద్ ఫిర్యాదు భద్రతామండలి ముందుకు పోయిన రోజులవి. యుద్ధం అంటే రెండు దేశాల సంగతి అవుతుంది. పోలీసు చర్య అంటే ఇంటి సంగతి."

"మరి నువ్వేం రాస్తవ్ దీని కింద? ఒకాయన విమోచన అంటడు, ఒకాయన విలీనం అంటడు. సర్కారు మారితే దినం పేరు మారుతది."

"మీరైతే?"

"తేదీ, జాగ. అంతే. వాటికి ప్లస్ ఆర్ మైనస్ సున్నా."

ఇక్కడ నేను ఒప్పుకోలేదు. రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు. పోలీసు చర్య తర్వాత ఉస్మానాబాద్, బీదర్, నాందేడ్ వైపు ముస్లింలు హత్యలకు గురయ్యారు. సుందర్‌లాల్ కమిటీ వెళ్లి చూసి రాసిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఇవన్నీ తెలిసి ఉత్త తేదీ రాయడమంటే తెలిసిన కొలతను డ్రాయింగ్‌లో వేయకుండా వదిలేయడం. విమోచనో విలీనమో నా బొమ్మ తేల్చలేదు. కానీ ముప్పై అయిదో వంతులోనైనా ఒక కవచమూ ఒక ఫిరంగీ కళ్లముందు ఉన్నాయి. 'యుద్ధం' అన్న మాట రాస్తానని చెప్పాను. మామ కాదనలేదు, అవుననలేదు.

"దీనికేం గుర్తులేస్తవ్?" అన్నాడు స్టాగ్‌హౌండ్‌ను తిప్పి చూస్తూ.

అదే నా చిక్కు. గెలిచినవాళ్ల బండ్ల ముందు ఫొటోగ్రాఫర్లు నిలబడతారు. ఓడినవాళ్ల బండి పక్క పలక మీద ఏ అంకె ఉందో చూపించే ఫొటో నాకు చిక్కలేదు.

"తెలువదు కదా, ఖాళీగ వదిలెయ్."

"ఖాళీగా వదిలితే 'ఈ బండికి గుర్తు లేదు' అని చెప్పినట్టే కదా మామా? అదీ ఒక మాటే. అదీ నాకు తెలియదు."

ఈసారి మామ నిజంగా ఆగిపోయాడు. లేతు మీది చిప్పులు బ్రష్షుతో తోస్తూ చాలాసేపు ఆలోచించాడు. బయట జగ్జీవన్ రామ్ ఫ్లైఓవర్ మీద లారీలు పోతున్న మోత.

"మ్యూజియంల పగిలిన కుండలు చూసినవా? పెంకులు దొరకని కాడ సున్నం లాంటిది పెట్టి పూడుస్తరు. రంగు కలపరు. ఏది పాతదో ఏది పూడ్చిందో దూరంకెళ్లి తెలుస్తది."

బండంతా రంగు వేసి, గుర్తులు ఉండాల్సిన రెండు పక్క పలకలను ప్రైమర్ బూడిద రంగులోనే వదిలేయాలని అక్కడే అనుకున్నాను. చూసినవాళ్లు పని పూర్తికాలేదనుకుంటారు. అడిగితే చెప్తాను.

మామ డ్రాయరు తెరిచి సన్నటి ఇత్తడి కడ్డీ తీశాడు. కిట్టులో వచ్చిన ప్లాస్టిక్ తుపాకి గొట్టాన్ని గోటితో గీకి పక్కన పడేశాడు.

"ఇది తెలిసిందే కదా, ఇదన్న సరిగ ఉండాలె. బెజ్జం ముప్పై ఏడు, దాన్ని ముప్పై అయిదుతో భాగించు."

"1.057."

కడ్డీని చక్కులో పెట్టి చక్కు కీతో బిగించాడు. లేతు ఆన్ చేయబోయి ఆగి, నా వైపు చూశాడు.

"ప్లస్ ఆర్ మైనస్ ఎంత?"