కథ ఎందాకా వచ్చింది?



అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఇతియోపియా రాణి కోశాధికారి ఒకడు యెరూషలేములో ఆరాధన ముగించుకొని, తిరుగు ప్రయాణంలో రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. పైకి చదువుతున్నాడు గనుక ఫిలిప్పుకు వినిపించింది. అప్పుడు ఫిలిప్పు ఏమి చేశాడో గమనించండి. గ్రంథం లాక్కోలేదు. అర్థమవుతున్నదా అని అడిగాడు. ఆయన రమ్మంటే రథమెక్కి పక్కన కూర్చున్నాడు. ఆయన ఏ వాక్యం చదువుతున్నాడో అక్కడినుండే మొదలుపెట్టాడు.

పదో తరగతి, ఇంటర్ చదివే బిడ్డ చేతిలో కథల పుస్తకం కనిపిస్తే మన ఇళ్లలో అడిగే ప్రశ్న వేరు. "ఇది పరీక్షలో వస్తుందా?" అంటాము. బిడ్డ పుస్తకం మూసేస్తాడు. తరువాత మనమే ఫాదరుగారి దగ్గరకు వెళ్లి, వీడు ఎప్పుడూ ఫోనులోనే ఉంటాడండీ అని చెప్పుకొని బాధపడతాము. మార్కులు అవసరమే, అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి భయం తెలియనిది కాదు. కాని పరీక్ష అయిన మరునాడే పుస్తకాలన్నీ తూకానికి వేసే బిడ్డ, రేపు పవిత్ర గ్రంథాన్ని మాత్రం ఏ ఇష్టంతో తెరుస్తాడు? ఇప్పటికే పూజలో మొదటి పఠనం చదవమంటే మన యువతీయువకులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

2025లో ప్రభువు సన్నిధికి చేరిన ఫ్రాన్సిస్ పోపుగారు అంతకు ముందు ఏడు, 2024లో, సాహిత్య పఠనం గురించి ఒక లేఖ రాశారు. గురువిద్యార్థుల కోసమని మొదలుపెట్టి, ఇది క్రైస్తవులందరికీ వర్తిస్తుందన్నారు. అందులో తన అనుభవం ఒకటి చెప్పారు. 1964-65లో ఆయన అర్జెంటీనాలోని శాంతా ఫే నగరంలో, యేసుసభ వారి పాఠశాలలో సాహిత్యం బోధించేవారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. 'ఎల్ సిద్' అనే పాత స్పానిష్ వీరగాథ చెప్పాలి. పిల్లలకు రుచించలేదు, గార్సియా లోర్కాను చదువుతామన్నారు. సరే, ఎల్ సిద్ ఇంటివద్ద చదవండి అని చెప్పి, తరగతిలో వాళ్లు కోరిన రచయితల గురించే మాట్లాడారట. బలవంతపు చదువంత చేటు మరొకటి లేదని ఆయన అభిప్రాయం.

చెడు పుస్తకాలు చదివితేనో? అడగవలసిన ప్రశ్నే. అవిలాపురి పునీత తెరెసమ్మ చిన్ననాట తల్లితోపాటు వీరుల సాహస కథలు చదివేది. తండ్రికి గిట్టదని ఆయన కంటపడకుండా చదివేది. వాటివల్ల తనలోని మంచి కోరికలు చల్లబడ్డాయని స్వీయచరిత్రలో తానే రాసుకున్నది. నాకు మాత్రం ఆ దాచుకోవడమే ఎక్కువ ప్రమాదంగా తోస్తుంది. దాచిన పుస్తకం గురించి తండ్రి ఏమని మాట్లాడగలడు?

ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాము, శాఖా గ్రంథాలయం గడప మాత్రం తొక్కము! ఈ శనివారం బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లండి. ఏ పుస్తకం తీసుకోవాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. 'బుడుగు' అయినా సరే, డిటెక్టివు నవల అయినా సరే. సాయంత్రం జపమాల అయ్యాక ఒక అరగంట టీవీ కట్టేసి, మీరూ ఏదో ఒకటి చదువుతూ వాళ్ల దగ్గరే కూర్చోండి. అన్నం దగ్గర, "కథ ఎందాకా వచ్చిందిరా?" అని అడగండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో లెక్కల ట్యూషను సంగతి ఎత్తకండి.