చందా కట్టితిని, చాలదా?



మీ యూరి పిల్లవాడొకడు అమెరికా దేశమందలి డల్లాస్ ప్రాంతమున ఉద్యోగము చేయుచు, “నేనిక్కడ ఒక పెద్ద పనిశాలలో సభ్యుడనుగా చేరితిని, నెలనెలా చందా కట్టుచున్నాను” అని తలిదండ్రులకు తెలిపెననుకొనుడి. కోనసీమ నుండియు, భీమవరము, నరసాపురము ప్రాంతముల నుండియు ఆ దేశమునకు వెళ్లినవారు అనేకులు గనుక ఇది జరుగరాని సంగతి కాదు. తల్లి మొదట అడుగునది, “రెండో ఉద్యోగమా నాయనా? జీతమెంత?” అనియే. జీతము లేదు. పైగా తానే సొమ్మిచ్చి, పని ముగిసిన తరువాత అక్కడి నేల ఊడ్చి వచ్చును. ఇది తెలివియా, వెఱ్ఱియా అని ఆ తల్లికి సందేహము కలుగుట న్యాయమే.

ఇట్టి పనిశాలను అక్కడివారు మేకర్‌స్పేస్ అందురు. డల్లాస్ మేకర్‌స్పేస్ 2010లో మొదలైన లాభాపేక్ష లేని సంఘము. జీతగాండ్రు లేకుండ సభ్యులే దానిని నడుపుకొనుచు వెయ్యిమందికి మించి పెరిగిరి. ఒక్క మనిషి తన యింట కొని పెట్టుకొనలేని పనిముట్లు అక్కడ ఉమ్మడిగా నుండును: కఱ్ఱ కోయు రంపపు బల్ల, ఇనుము తరుగు లేతు, వెల్డింగు సామాను, కుట్టుమిషనులు, కుమ్మరి సారె, కాంతికిరణముతో చెక్కను కోయు యంత్రము, కంప్యూటరు చెప్పినట్లు ప్లాస్టిక్కును పొర మీద పొరగా పోసి వస్తువును చేయు యంత్రము. అపాయకరమైన యంత్రమును ముట్టకముందు తెలిసిన సభ్యుని యొద్ద పాఠము నేర్చుకొనవలెను. హైదరాబాదులో 2023లో తెరచిన టీ-వర్క్స్ అను పనిశాలలోను ఇట్టి యంత్రములు కలవు గాని, అది తెలంగాణ ప్రభుత్వము స్థాపించినది. నేను చెప్పబోవునది సభ్యులు తమంతట తాము నడుపుకొను దానిని గూర్చియే.

అట్టిచోట చేరినవాడు, “చందా కట్టితిని గదా, ఇంకను నేనేమి బాకీయున్నాను?” అని అడుగవచ్చును. పైకి ఇది సరియైన మాటగానే కనబడును. అంగడిలో వెల యిచ్చి బియ్యము కొన్నవాడు అంగడి ఊడ్వడు గదా! కాని లెక్క సరిగా చూడుడి. ఆ చందాతో అద్దె, కరెంటు చెల్లును. మొద్దుబారిన రంపపు బిళ్లను మార్చువానికి, పొట్టు ఎత్తువానికి, క్రొత్తవారికి పాఠము చెప్పువానికి అందులో కాసైన లేదు. వారు ఉచితముగా చేయుచున్నందుననే చందా అంత తక్కువగా నున్నది. కాబట్టి “చందాతో సరి” అనువాడు వెల పూర్తిగా చెల్లించినవాడు కాడు. తక్కిన భాగమును పొరుగువాని చెమటలోనుండి తీసికొనుచున్నాడు.

మన డెల్టావారికి ఇది తెలియని సంగతి కాదు. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. ఆనకట్టయు పెద్ద కాలువలును సర్కారువి. పంటబోదెలో పూడిక తీయుట మాత్రము రైతుల వంతు. ఊరివారందరు కూడి ఇట్టి పని చేసికొను ఆచారమునకు కుడిమరామత్తు అని పేరు. ఆచారముగా జరుగవలసిన దానికి 1858లో మద్రాసు రాజధానిలో చట్టము చేయవలసి వచ్చినది. పనికి రానివాడు సొమ్ము చెల్లింపవలెనని అందులో విధించిరి. ఎగువ పొలమువాడు తన గట్టు ప్రక్క తూడు తీయకపోయినను వాని చేను ఎండదు. ఎండునది దిగువ పొలమువాని చేను. పనిశాలలోను అంతే. రంపమును పాడుచేసి మౌనముగా ఇంటికి పోయినవాని బల్ల అప్పటికే తయారైనది. తెల్లవారి వచ్చి మీట నొక్కువాని వ్రేళ్లకే అపాయము. అందుచేత ఊడ్చుట, సర్దుట అను పనులన్నిటికంటె “ఇది నా చేతిలో చెడినది” అని చీటి వ్రాసి అతికించుటయే పెద్ద బాధ్యతయని నా అభిప్రాయము. నేల ఊడ్వని సోమరిని సహింపవచ్చును. చెడగొట్టి దాచువానితో కలిసి ఏ పనిశాలయు నిలువదు.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును, అన్నియు పేర్లేయని, మనలో అనేకులు దాటి పోవుదురు. కాని గోడ కట్టినవారిలో కంసాలులు, పరిమళద్రవ్యములు చేయువారు, ఒక అధిపతి కుమార్తెలు కనబడుదురు. అది వారి వృత్తి కాదు, అయినను వచ్చిరి. తెకోవ ఊరివారు వచ్చిరి, వారి పెద్దలు మాత్రము రాలేదు. ఆ రానివారి సంగతియు అక్కడ వ్రాసియున్నది.

ఇంతవరకు చదివి కొందరు సంఘపు పెద్దలు, “మేము చెప్పునదియు ఇదే” అని సంతోషింతురేమో. కొంచెము ఆగవలెను. జీతము లేని చోట పని చేసినవానిదే పెత్తనమగును. సాన్ ఫ్రాన్సిస్కోలో 2007లో మొదలైన నాయిస్‌బ్రిడ్జి అను పనిశాలవారు దీనికి విరుగుడుగా, అందరు సమ్మతించిననే గాని తీర్మానము చేయరాదనియు, ఒక్క సభ్యుడు కాదన్నను అది ఆగవలెననియు ఏర్పరచుకొనిరి. మంచిదే. అయితే అందరు సమ్మతించువరకు కూర్చుండుటకు తీరిక యెవరికి గలదు? రాత్రి పని చేయువానికి లేదు, చంటిబిడ్డ తల్లికి లేదు. వారు సోమరులు కారు. రాలేనివానిని రానొల్లనివానితో జతచేసి నిందించుట అన్యాయము. పని చేసినవానికి గౌరవము, అవసరమైన తాళపుచెవి ఇయ్యవలసినదే. రెండవ ఓటు మాత్రము ఇయ్యకూడదు.

ఈ మాట వ్రాయునప్పుడు నరసాపురము చుట్టుప్రక్కల లేసు అల్లు స్త్రీలు నా మనస్సున మెదలుచున్నారు. ఆ పనిని పందొమ్మిదవ శతాబ్దములో మిషనెరీలు అక్కడి క్రైస్తవ స్త్రీలకు నేర్పిరి. వారికి గొప్ప యంత్రము అక్కరలేదు. కొక్కెపు సూది, దారము చాలును. మరియా మీస్ అను జర్మను విదుషి వారిని గూర్చి 1982లో ఒక పుస్తకము ప్రకటించినది. దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుచున్నను, వారు ఇంట ఊరక కూర్చున్న గృహిణులనియే లెక్కింపబడిరని ఆమె చూపినది. దారము మధ్యవర్తి తెచ్చును, అల్లినది మధ్యవర్తియే కొనిపోవును. ఎవరి అరుగు మీద వారు అల్లుచున్నంతకాలము ప్రక్క వీధి ఆమెకు ఎంత కూలి ముట్టినదో ఈమెకు ఎట్లు తెలియును?

వీరికి ఉమ్మడి పనిశాల వలన దొరకునది పనిముట్టు కాదు. ఒకే చాప మీద కూర్చుండి ఒకరి కూలి ఒకరు వినుట, ఒకరి అల్లిక చూచి ఒకరు నేర్చుకొనుట, దారము కలిసి కొనుట. అట్టిది మీ యూరిలో పెట్టదలచినవారు మొదట గడియారము చూడవలెను. సాయంకాలము ఏడు గంటలకు కూటము పెట్టినయెడల, ఆ వేళకు ఏ యింట పొయ్యి మీద అన్నము ఉడుకుచుండునో, దానిని దింపువారెవరో, ముందుగా ఆ స్త్రీలనే అడిగి తెలిసికొనుడి.