చావనున్న చేప ఎవరి సొమ్ము?

ఎట్లును నశింపనున్న వస్తువును ముందుగా గ్రహించినచో దోషమేమి? వినుటకు సులువైన ఈ ప్రశ్నకు ఒక చిన్ననది వృత్తాంతమున సమాధానము వెదకుదము.

అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున కొడియాక్ అను ద్వీపము కలదు. ఎలుగుబంట్లకు అది ప్రసిద్ధము, జనులు స్వల్పము. అచ్చటి కార్లుక్ సరస్సునుండి వెడలి సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే పారి సముద్రమున కలియు నది యొకటి కలదు. సాకై జాతి సాల్మన్ చేపలు అందే పుట్టి, సరస్సులో కొన్నియేండ్లు పెరిగి, సముద్రమునకు పోయి, తుదకు పుట్టిననీటికే ఎదురీదుచు మరలివచ్చును. నదిలో ప్రవేశించినది మొదలు ఆహారము ముట్టవు. గ్రుడ్లుపెట్టిన కొలదిదినములకే ఆడదియు మగదియు మరణించును.

1882లో ఆ నదీముఖమున చేపలను డబ్బాలకెత్తు కర్మాగారము వెలసెను. పిదప మరికొన్ని వచ్చినవి. కొన్నియేండ్లు ఏటికి ఇరువదిలక్షలకు మించి పట్టిరి. గ్రుడ్లకు కొన్నింటిని విడిచిన చాలును, తక్కినవి కుళ్లిపోవునవే కదా యని తోచుట సహజము.

ఇందు హేత్వాభాసము కలదు. సముద్రమున సంపాదించిన సారమును ఆ చేప తన దేహముతో సరస్సునకు మోసికొనివచ్చును. కళేబరము కరగగా నాచు పెరుగును. నాచును సూక్ష్మజీవులు, వానిని చేపపిల్లలు తినును. తల్లిదండ్రుల ముఖమెరుగని బిడ్డలకు వారి దేహమే అన్నమగుచున్నది. సరస్సు అడుగుబురదను పొరలుపొరలుగా పరీక్షించిన శాస్త్రజ్ఞులు, పూర్వము శీతోష్ణముల మార్పుచే హెచ్చుతగ్గులున్నను, వేట మొదలైన పిదప ఆ సారము బాగుగా క్షీణించెనని 2000లో ప్రకటించిరి. అంతకుమున్నే, 1986 మొదలు 1990 వరకు, సరస్సున ఎరువు వేయవలసివచ్చెను. చేప ఊరక తెచ్చినదానిని మనుష్యుడు వెలపెట్టి కొన్నాడు!

చేప త్యాగము చేసినదా? సంకల్పము లేనిది త్యాగము కాదు. చేపను దధీచితో పోల్చుట కవులకు చెల్లును గాని ధర్మవిచారమునకు చెల్లదు. ఐనను దాతకు పుణ్యము కలుగుట వేరు, గ్రహీతకు ఋణమంటుట వేరు. మన ధర్మశాస్త్రములు దాయవిభాగమున గర్భస్థశిశువును మరువలేదు. వాదింపలేనివానికి పాలు లేదనలేదు. పుట్టనున్న చేపపిల్లకు మాత్రము ఎట్లు లేకపోవును?

1921 మొదలు ఆ నదికి కంచె కట్టి ఎగువకు పోవు చేపలను లెక్కించుచున్నారు. ఆ లెక్కలో గ్రుడ్లకు కావలసినవే కాక సరస్సునకును, ఎలుగుబంటికిని కావలసినవి చేరవలెను.