ఋషి పేరు చెప్పాకే పారాయణం

ఈ వారం వీడియోలో విష్ణు సహస్రనామం పూర్వపీఠిక గురించి చెప్పుకున్నాం కదా. అక్కడ సమయం చాలక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను.

నామాలు మొదలుపెట్టే ముందు ఋషి ఎవరు, ఛందస్సు ఏది, దేవత ఎవరు అని చెప్పుకుంటాం. ఋషి వేదవ్యాసుడు, ఛందస్సు అనుష్టుప్పు, దేవత దేవకీ సుతుడు. నోటికి వచ్చిన స్తోత్రమైనా సరే, "ఇది నేను పుట్టించింది కాదు, ఫలానా వారి వల్ల నాకు అందింది" అని ముందే ఒప్పుకోవడం అన్నమాట.

వనపర్తిలో చదువుకునే మా పిన్ని కొడుకు ప్రాజెక్ట్ రిపోర్ట్ రాస్తూ అడిగాడు: "అన్నా, జ్ఞానం అందరిదీ అంటవు కదా. నెట్‌ల నుంచి తీసుకుంటే దొంగతనం ఎట్లయితది?" కొట్టిపారేసే ప్రశ్న కాదిది.

నిజమే, రామకథ అందరిదీ. మన నాగర్‌కర్నూల్ దగ్గరి వర్ధమానపురం, అంటే నేటి వడ్డెమాన్, ఏలిన గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో ఆ కథనే ద్విపదలో చెప్పాడు. ఉత్తరకాండను కొడుకులు కాచవిభుడు, విఠ్ఠలరాజు పూర్తిచేశారు. ఎవరు రాసింది ఎవరిదో నేటికీ తెలుస్తోంది. కథ పంచుకున్నారు, పేరు చెరపలేదు.

పేరు చెరిపితే ఏం పోతుంది? గద్వాల ప్రాంతం బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిని తలచుకోండి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. పద్యాలు వేసి పేర్లు తీసేసి ఉంటే అది జవాబే అయ్యేది కాదు.

నేను రోజూ వాడే ఎంఐటీ లైసెన్స్ కోడ్ కూడా ఇంతే. ఉచితంగా తీసుకో, మార్చుకో, అమ్ముకో. కాపీరైట్ నోటీసు మాత్రం తీసేయకు.

తమ్ముడి బెంగ శాతం గురించి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. మూలం చెప్పి ఉటంకించింది ఆ లెక్కలోకే రాదు. పదాలు మార్చే టూల్‌తో శాతం తగ్గుతుందేమో, అప్పు తగ్గదు. ఋషి ఋణం తీరేది అధ్యయనంతో అని పెద్దలు చెప్పారు. చదవకుండా అతికించినవాడు ఋషి పేరునూ వదిలేశాడు, తన చదువునూ వదిలేశాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదవండి, పుస్తకం మూసి మీ మాటల్లో రాయండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కింద చెప్పండి. అది భయంతో చేసే పని కాదు, నమస్కారం.

జోగులాంబ అమ్మవారి దయ అందరిపై ఉండాలి. శుభం.